ఇంట్లో పాతకాలపు బుద్ధుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత బుద్ధ విగ్రహం ఒకటి ఇంట్లోకి వస్తే ఆ గదికి ఒక నిమ్మళం వస్తుంది. అది ఎక్కడ పెడితే బాగుంటుందనేది చాలామంది మొదట అడిగే ప్రశ్న. నేనైతే, అది ఎక్కణ్ణుంచి వచ్చిందని ముందు అడుగుతాను. ఇక్కడి ప్రశ్నల వరస కూడా అలాగే ఉంటుంది.

యాంటిక్ అంటే ఏంటి, వింటేజ్ అంటే ఏంటి?

వందేళ్లు దాటితే యాంటిక్. అంతకన్నా తక్కువ వయసుండి, కనీసం రెండు మూడు దశాబ్దాల పాతదైతే వింటేజ్. వింటేజ్ మాటకు చట్టంలో కొలత లేదు, అమ్మేవాళ్ల ఇష్టం. యాంటిక్‌కు మాత్రం చాలా దేశాల్లో వందేళ్ల గీతే లెక్క. భారతదేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం శిల్పాలకు పెట్టిన గీత కూడా అదే.

వీటి పక్కనే "యాంటిక్ ఫినిష్", "యాంటిక్ స్టైల్" అనే మాటలు కనిపిస్తాయి. వాటి అర్థం ఒక్కటే: కొత్తది. కొత్తదని చెప్పి అమ్మితే అందులో తప్పేమీ లేదు.

తల మాత్రమే ఉన్న విగ్రహాలు ఎందుకంత ఎక్కువ? బౌద్ధ శిల్పంలో అదొక పద్ధతా?

కాదు. కూర్చున్న బుద్ధుడు, నిలబడినవాడు, నడుస్తున్నవాడు, పరినిర్వాణంలో పక్కకు ఒరిగి పడుకున్నవాడు. ప్రధానంగా సంప్రదాయంలో కనిపించే భంగిమలు ఇవే. ఛాతీ వరకే చెక్కి (దాన్నే బస్టు అంటారు) పీఠం మీద నిలబెట్టడం రోమన్ల నుంచి యూరప్‌కు వచ్చిన అలవాటు. ఒక శిల్పి పూజకోసం బుద్ధుడి తలను మాత్రమే చెక్కాడనుకోవడం కష్టం. కాబట్టి నిజంగా పాత తల కనిపిస్తే దాని ఒళ్లు ఎక్కడో ఉంది, లేదా ఒకప్పుడు ఉండేది.

ఆ ఒళ్లు పోవడానికి కారణాలు రకరకాలు. గాంధార ప్రాంతంలో (ఇప్పటి పాకిస్తాన్, అఫ్గానిస్తాన్), ముఖ్యంగా హడ్డా, తక్షశిల దగ్గర, సున్నపు గారతో చేసిన తలలు ఎన్నో దొరికాయి. వాటి ఒళ్లు చాలాచోట్ల మెత్తటి మట్టితో చేసినవి. శతాబ్దాల వానలకు ఒళ్లు కరిగిపోయి, గట్టి గారతో చేసిన తల మిగిలింది. 1767లో సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజధాని అయుత్థయ బర్మా సైన్యం చేతిలో నాశనమైనప్పుడు అక్కడి విగ్రహాలెన్నో ముక్కలయ్యాయి. అలా విడిపోయిందనుకునే ఒక తల అక్కడి వాట్ మహాథాట్ గుడిలో రావిచెట్టు వేళ్ల మధ్య ఇప్పటికీ ఉంది. ఫొటో తీసుకునేవాళ్లను దానికన్నా ఎత్తులో ఉండకుండా కూర్చోమంటారు.

మిగిలినవి మనుషులు నరికినవి. చైనాలో తియాన్‌లాంగ్‌షాన్ గుహల్లోని తలలను 1920లలో వరసగా కోసేసి విదేశీ మార్కెట్‌కు పంపారు. జావాలో 9వ శతాబ్దపు బోరోబుదూర్ స్తూపం మీద 504 బుద్ధ విగ్రహాలు ఉండేవి. ఇప్పుడు 300కు పైగా దెబ్బతిని ఉన్నాయి, వాటిలో ఎక్కువ వాటికి తలల్లేవు. మరో 43 అసలే లేవు. 1896లో సయాం రాజు చులాలాంగ్‌కార్న్ వచ్చినప్పుడు జావాను ఏలుతున్న డచ్చివాళ్లు ఎనిమిది బండ్ల శిల్పాలు ఆయనకు కానుకగా ఇచ్చి పంపారు. దొంగలకు తలే ఎందుకు కావాలంటే, ఒళ్లు మోయడం కష్టం. తలైతే సంచిలో పడుతుంది.

సోఫా పక్కన నల్లటి స్టాండు మీద తల పెట్టడం హోటళ్లలో, స్పాలలో చూసి చూసి మామూలైపోయింది. ఆ అందం వెనకాల ఉలి దెబ్బ ఉందని ఒకసారి తెలిశాక మళ్లీ అదే కంటితో చూడలేం. నా సంగతి అంతే.

అయితే తల, బస్టు అసలు కొనకూడదా?

అలా అనను. తలగానో బస్టుగానో చేసిన వింటేజ్ ముక్కలు బోలెడున్నాయి. 20వ శతాబ్దంలో పర్యాటకుల కోసం, ఎగుమతి కోసం కంచు, టేకు, రాయి, పాలరాయితో చేసినవి. వాటిలో కొన్ని నిజంగా మంచి చేతి పని. మెడ దగ్గర చూస్తే తేడా తెలుస్తుంది. తలగానే చేసినదానికి మెడ అడుగు నున్నగా, చదునుగా, ఆలోచించి ముగించినట్టు ఉంటుంది. పోత విగ్రహమైతే అంచు ఒకే మందంలో ఉంటుంది. విరిగినదానికి ఎగుడుదిగుడు పగులు, నరికినదానికి ఉలి గాట్లు ఉంటాయి. నకిలీ చేసేవాళ్లకూ ఈ సంగతి తెలుసు. కొత్త తలకు కావాలనే మెడ విరగ్గొట్టి "గుడి శిథిలాల్లో దొరికింది" అని కథ చెబుతారు. ఆ కథ అబద్ధమైతే మీరు కొన్నది నకిలీ, నిజమైతే దొంగసొత్తు. రెండువిధాలా నష్టమే.

నా సలహా: యాంటిక్ కావాలంటే పూర్తి విగ్రహం, కాగితాలతో. తలే కావాలంటే వింటేజ్, లేదా ఇప్పటి శిల్పి చేసినది.

అలంకరణకు బుద్ధుణ్ణి పెట్టుకుంటే బౌద్ధులు నొచ్చుకోరా?

కొందరు నొచ్చుకుంటారు. బుద్ధుడు అలంకరణ వస్తువు కాదని చెప్పే హోర్డింగులు థాయ్‌లాండ్‌లో విమానాశ్రయం దారిలోనే కనిపిస్తాయి. వాళ్ల అభ్యంతరం ఎక్కువగా అగౌరవం మీద. బుద్ధుడి తలను ల్యాంపు దిమ్మగా, తలుపు ఆపే బరువుగా, పూలకుండీగా వాడటం, బాత్‌రూమ్‌లో పెట్టడం, బార్ కౌంటర్ మీద సీసాల మధ్య నిలబెట్టడం లాంటివి. బౌద్ధులు కానివాళ్లు ఇంట్లో శుభ్రమైన చోట, గౌరవంగా పెట్టుకుంటే తప్పుబట్టేవాళ్లు తక్కువ. మీ ఇంటికి ఒక భిక్షువు వచ్చారనుకోండి, ఆ మూల చూపించడానికి మొహమాటపడతారా? పడితే చోటు మార్చండి.

మరి ఎక్కడ పెట్టాలి?

నేల మీద వద్దు. కూర్చున్న మనిషి కళ్ల ఎత్తుకో, కాస్త పైకో ముఖం రావాలి. చాలా బుద్ధ విగ్రహాల చూపు కిందికి వాలి ఉంటుంది. ఆ చూపు మన మీద పడాలంటే విగ్రహం మనకన్నా కొంచెం ఎత్తులో ఉండాలి. అదే విగ్రహాన్ని మోకాలి ఎత్తు బల్ల మీద పెట్టి పైనుంచి చూస్తే నిద్రపోతున్నట్టు కనిపిస్తుంది. శిల్పి ఎక్కణ్ణుంచి చూడమన్నాడో అక్కణ్ణుంచి చూస్తే ముఖం మారిపోతుంది. ఒకసారి వంగి, ఒకసారి నిలబడి చూసి తేల్చుకోండి.

కాళ్లు చాపుకునే వైపు, చెప్పుల అరల పక్కన, మరుగుదొడ్డి గోడకు ఆనించి పెట్టొద్దు. ఏసీ గాలి సూటిగా తగిలే చోటు, వంటింటి పొగ వచ్చే చోటు కూడా మంచివి కావు. ఇది గౌరవం సంగతి కాదు, చెక్క, లక్క, బంగారు పూత పాడవుతాయి. పిల్లలు పరుగెత్తే దారిలో ఎత్తైన సన్న స్టాండు వద్దే వద్దు.

లాఫింగ్ బుద్ధ కూడా బుద్ధుడేనా?

గౌతముడు కాదు. ఆయన బుదాయి, 10వ శతాబ్దపు చైనా భిక్షువు. రాబోయే బుద్ధుడైన మైత్రేయుడి అవతారమని నమ్ముతారు. పొట్ట, నవ్వు, గుడ్డసంచీ ఆయన గుర్తులు.

ఇంకో పొరపాటు కూడా తరచూ జరుగుతుంది. కిరీటం, నగలు ఉన్నవన్నీ ఆడదేవతలు అనుకుంటారు. అవి ఎక్కువగా బోధిసత్త్వులవి, అంటే బుద్ధత్వం వైపు నడుస్తున్నవాళ్లవి. చేతిలో తామర ఉండి, కిరీటంలో చిన్న బుద్ధుడు కూర్చుని ఉంటే అవలోకితేశ్వరుడు. చైనాకు వెళ్లేసరికి ఈయనే స్త్రీ రూపంలో గ్వాన్‌యిన్ అయ్యాడు, జపాన్‌లో కన్నన్. కత్తి ఎత్తినవాడు మంజుశ్రీ. కుడికాలు కిందికి దించి, దిగిపోవడానికి సిద్ధంగా కూర్చున్నట్టుంటే తార.

చేతి ముద్రల అర్థం ఏంటి?

కుడిచెయ్యి మోకాలి మీదుగా నేలను తాకుతుంటే భూమిస్పర్శ. బోధి చెట్టు కింద, ప్రలోభపెట్టడానికి వచ్చిన మారుణ్ణి జయించినప్పుడు భూమిని సాక్షిగా పిలిచిన ఘట్టం అది. ఆగ్నేయాసియా విగ్రహాల్లో అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది ఇదే. రెండు చేతులూ ఒడిలో ఒకదానిపై ఒకటి ఉంటే ధ్యానం. అరచెయ్యి ఎదుటికి ఎత్తితే అభయం, కిందికి చాపితే వరదం. రెండు చేతులూ ఛాతీ ముందు చక్రం తిప్పుతున్నట్టు కలిస్తే ధర్మచక్రం, అంటే సారనాథ్‌లో తొలి బోధ.

గదిని బట్టి ముద్ర ఎంచుకోవాలనే నియమమేమీ లేదు. ధ్యానముద్ర చదువుకునే గదిలో, అభయముద్ర వాకిటి హాల్లో బాగుంటాయని నా అభిప్రాయం, అంతే.

చూడగానే ఏ ప్రాంతానిదో గుర్తుపట్టడం ఎలా?

రాయి రంగుతో మొదలుపెట్టండి. బూడిద, నీలి ఛాయలో పొరలు పొరలుగా ఉండే షిస్ట్ రాయి, ఉంగరాల జుట్టు, రెండు భుజాలూ కప్పిన బరువైన మడతల వస్త్రం: గాంధార. అక్కడి బోధిసత్త్వులకు మీసాలూ ఉంటాయి. ఎర్రటి ఇసుకరాయి మీద లేత మచ్చలు, గుండ్రటి ముఖం, తెరిచిన కళ్లు: మథుర. నలుపుకు దగ్గరగా నున్నటి రాయి, వెనక నిండా చెక్కిన ఫలకం ఉంటే 8 నుంచి 12వ శతాబ్దాల మధ్య బీహార్, బెంగాల్ ప్రాంతాల్లోని పాల రాజుల కాలపు శైలి కావచ్చు.

అమరావతి సున్నపురాయి సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. అక్కడి తొలి పలకల్లో బుద్ధుడు మనిషి రూపంలో లేడు. ఖాళీ సింహాసనం, పాదాల గుర్తులు, బోధి చెట్టు, చక్రం. ఆయన అక్కడున్నట్టు చూసేవాళ్లే ఊహించుకోవాలి. తర్వాత వచ్చిన నిలువు బుద్ధుడికి కుడి భుజం ఖాళీగా ఉండి, వస్త్రం కింది అంచు దగ్గర లావుపాటి మడత తిరుగుతుంది. ఆ మడత శ్రీలంక మీదుగా ఆగ్నేయాసియా దాకా వెళ్లింది. ఇంటికి బుద్ధుడి ముఖమే కావాలని పట్టుపట్టేవాళ్లకు నేను ఈ పాదముద్రల పలకను గుర్తు చేస్తుంటాను. పాదాలో చక్రమో ఉన్న కొత్త చెక్కుడు పలక గోడకు ఎంతో హుందాగా ఉంటుంది. ఎవరి తలా తెగలేదన్న నిశ్చింత కూడా.

థాయ్‌లాండ్ సుఖోథాయ్ శైలికి తలపై మంటలాంటి శిఖ, కోల ముఖం, గాలిలో తేలుతున్నట్టు నడక. కంబోడియాలోని ఖ్మేర్ బయాన్ శైలిలో, అంటే 12వ శతాబ్దం చివర ఏడవ జయవర్మ కాలంలో, మూసిన కళ్లు, లావు పెదవులు, లోలోపల నవ్వు. నాగుపాము పడగల కింద కూర్చున్న బుద్ధుడు కూడా ఖ్మేర్ శిల్పులకు చాలా ఇష్టం. మ్యాన్మార్ మాండలే శైలి 19వ శతాబ్దపుది. నుదుటి మీద వెడల్పాటి పట్టీ, వస్త్రపు అంచుల్లో రంగు గాజు ముక్కలు. వింటేజ్ బజారులో చాలా ఎక్కువగా తిరిగేది ఇదే, కాపీలు కూడా దీనివే ఎక్కువ. నేపాల్ నేవార్ కళాకారుల పని ఎర్రరాగి మీద బంగారు పూత. పూత అరిగిన చోట ఎరుపు తొంగిచూస్తుంది. టిబెటన్ విగ్రహాలకు నీలిరంగు జుట్టు, ముఖానికి విడిగా పులిమిన బంగారం. జపాన్ చెక్క విగ్రహాల్లో చాలావరకు ఒకే దుంగ కాకుండా చాలా ముక్కలు కలిపి, లోపల బోలుగా చేసినవి. కామకుర కాలం (12వ శతాబ్దం చివర నుంచి 14వ శతాబ్దం దాకా) నాటివాటిలో కళ్లకు స్ఫటికం పొదిగారు. చీకటి గదిలో దీపం పడితే ఆ కళ్లు తడిగా ఉన్నట్టు అనిపిస్తాయి.

నిజంగా పాతదేనని ఎలా తెలుసుకోవాలి?

ముందు తిరగేసి చూడండి. ముఖానికి అందరూ మెరుగులు దిద్దుతారు, అడుగు భాగం ఎవరూ పట్టించుకోరు. అందుకే నిజం అక్కడ ఉంటుంది.

అరుగుదల ఒక పద్ధతి ప్రకారం ఉండాలి. చేతులు తగిలే మోకాళ్లు, ముక్కు, పీఠం అంచు అరుగుతాయి. చెవుల వెనక, మడతల లోపల అరగవు. అంతటా ఒకేలా అరిగినట్టుంటే యంత్రంతోనో ఆమ్లంతోనో అరగదీశారన్నమాట. రాతి మీద భూతద్దం పెట్టి చూస్తే చేతి ఉలి గాట్లు చిన్నా పెద్దా కలిసి ఉంటాయి. తిరిగే యంత్రపు గీతలు సమానంగా, పక్కపక్కనే వస్తాయి. "మట్టి" వేడినీళ్లలో ముంచిన దూదికి సులభంగా వచ్చేస్తే దాన్ని పులిమి ఎక్కువ రోజులు కాలేదు. ఇంత పరీక్ష అమ్మేవాళ్ల అనుమతి తీసుకుని చేయండి.

కంచు అని చెప్పి రెసిన్ (ప్లాస్టిక్ లాంటి పోత పదార్థం) అంటగట్టడం పాత మోసం. నేను కూడా ఒకసారి పడ్డాను. ఫొటోలో ఆకుపచ్చ చిలుము, చక్కటి నీడలు, అన్నీ బాగున్నాయి. పార్శిల్ విప్పి ఎత్తితే చెయ్యి దానంతటదే పైకి లేచింది, అంత తేలిక. అడుగున ఫెల్టు గుడ్డ అంటించి ఉంది. పీకితే తెల్లటి రెసిన్, అందులో బుడగలు. అప్పట్నుంచి అడుగు భాగం ఫొటో, బరువు అడగకుండా ఏదీ కొనలేదు. రెసిన్‌ను తాకితే త్వరగా చేతి వేడికి వస్తుంది, లోహం, రాయి చల్లగా ఉండిపోతాయి. పక్కల్లో అచ్చు అతుకు గీత ఉందేమో కూడా చూడండి.

చైనా విగ్రహాల మీద మింగ్ చక్రవర్తి యోంగ్‌లె పేరు చెక్కి ఉంటే సంబరపడకండి. ఆయన ఏలింది 1402 నుంచి 1424 వరకు. ఆ పేరు చెక్కడం మాత్రం ఇప్పటికీ ఆగలేదు.

ల్యాబ్ పరీక్షలు చేయిస్తే తేలిపోతుందా?

కొంతవరకే. కాల్చిన మట్టికి, కంచు లోపల మిగిలిన మట్టి ముద్దకు థర్మోలుమినిసెన్స్ పరీక్ష ఉంది. చివరిసారి ఎప్పుడు కాలిందో అది చెబుతుంది. చెక్కకు కార్బన్ పరీక్ష. కానీ అది చెట్టు వయసు చెబుతుంది, ఉలి పడిన రోజు కాదు. పాత ఇంటి దూలం తెచ్చి నిన్న చెక్కితే పరీక్షలో దూలం వయసే వస్తుంది. రాతికి ఇలాంటి పరీక్ష లేదు. రాయి వయసు కోట్ల ఏళ్లు, శిల్పం వయసు శైలి చూసి, గాట్లు చూసి, కాగితాలు చూసి అంచనా వేయాల్సిందే. వింటేజ్ ముక్కకు ఈ ఖర్చంతా దండగ.

కొనేముందు ఏ కాగితాలు అడగాలి?

ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పే చరిత్ర. పాత రసీదులు, వేలం కేటలాగు పేజీ, పాత ఇంటి ఫొటోలో విగ్రహం కనిపించడం, ఎగుమతి అనుమతి. "ఒక పాత కుటుంబం దగ్గర్నుంచి" అన్న నోటిమాట చరిత్ర కాదు. సాంస్కృతిక ఆస్తుల అక్రమ రవాణా మీద యునెస్కో ఒప్పందం 1970లో వచ్చింది. అందుకే మ్యూజియంలు, మంచి వ్యాపారులు ఆ ఏడాదికి ముందే విగ్రహం పుట్టిన దేశం దాటిందా, లేక తర్వాత చట్టబద్ధంగా బయటికొచ్చిందా అని చూస్తారు.

దేశాల చట్టాలు వేరు. భారతదేశంలో వందేళ్లు దాటిన రాతి, లోహ శిల్పాలను రిజిస్టర్ చేయించాలి. ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు పంపడం నేరం. థాయ్‌లాండ్ నుంచి బుద్ధ విగ్రహం తీసుకెళ్లాలంటే, కొత్తదైనా సరే, అక్కడి లలితకళల శాఖ అనుమతి కావాలి. మీరు కొనే ముక్క ఏ దేశానిదో, మీరు ఏ దేశంలో ఉన్నారో, రెండు చట్టాలూ చూసుకోవాలి.

కాగితాల్లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 1961లో నలంద మ్యూజియం నుంచి 14 విగ్రహాలు పోయాయి. వాటిలో వెండి పొదిగిన 12వ శతాబ్దపు కంచు బుద్ధుడు ఒకటి. అది ఎన్నో చేతులు మారి, 2018లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో ఒక కళాప్రదర్శనలో అమ్మకానికి కనిపించింది. పాత ఫొటోలతో పోల్చి గుర్తుపట్టారు. ఆ ఏడాది ఆగస్టు 15న లండన్ పోలీసులు దాన్ని భారత్‌కు అప్పగించారు. అప్పటి యజమాని, వ్యాపారి సహకరించారు, వాళ్ల మీద నేరం లేదు. కానీ విగ్రహం వెళ్లిపోయింది. 57 ఏళ్లు గడిచినా దొంగసొత్తు దొంగసొత్తే.

ఇంటర్‌పోల్ దగ్గర పోయిన కళాఖండాల జాబితా ఉంది, ఐడీ-ఆర్ట్ అనే ఫోన్ యాప్‌లో ఉచితంగా వెతకొచ్చు. లండన్‌లోని ఆర్ట్ లాస్ రిజిస్టర్ రుసుము తీసుకుని వెతికి పెడుతుంది. జాబితాలో లేనంత మాత్రాన శుభ్రమైనదని కాదు. దొంగతవ్వకాల్లో బయటపడినవాటి సంగతి దొంగకు తప్ప ఎవరికీ తెలియదు, ఇక జాబితాలోకి ఎలా వస్తాయి?

విగ్రహం కదిపితే లోపల ఏదో గలగలమంటోంది. తెరవొచ్చా?

వద్దు. నేపాల్, టిబెట్ విగ్రహాలను ప్రతిష్ఠించేటప్పుడు లోపల మంత్రాలు రాసిన కాగితపు చుట్టలు, గింజలు, మూలికలు లాంటివి పెట్టి, అడుగున రాగిరేకుతో మూసేస్తారు. ఆ రేకు మీద అడ్డంగా కలిసిన రెండు వజ్రాయుధాల గుర్తు ఉంటుంది. మూత తీయని విగ్రహం భక్తుల దృష్టిలో ప్రాణమున్నది. కొనేవాళ్ల దృష్టిలో కూడా విలువ ఎక్కువ. కుతూహలం ఆగకపోతే ఎక్స్‌రే తీయించండి.

పైపూతను గోకడం కూడా అంతే. 1955లో బ్యాంకాక్‌లోని వాట్ ట్రైమిట్‌లో గార బుద్ధుణ్ణి తరలిస్తుంటే గార పగిలి లోపల దాదాపు 5.5 టన్నుల బంగారు విగ్రహం బయటపడింది. ఈ కథ విన్న ప్రతివాళ్లూ తమ విగ్రహం గోకి చూస్తారు. గోకితే గారే వస్తుంది.

బరువు ఎంత ఉంటుంది? మామూలు అరలు ఆపుతాయా?

చిన్న లెక్క వేసుకోండి. 40 సెంటీమీటర్ల ఎత్తు, 30 వెడల్పు, 25 లోతున్న రాతి విగ్రహం ఆ పెట్టెలో సగం నింపుతుందనుకుంటే 15,000 ఘన సెంటీమీటర్లు. రాయి బరువు ఒక్కో ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు. మొత్తం దాదాపు 40 కిలోలు. గోడకు రెండు మేకులతో వేలాడే అర దీన్ని ఆపదు. నేల మీద నిలబడే, అడుగు వెడల్పైన పీఠం కావాలి. కంచు ఎక్కువగా బోలుగా ఉంటుంది కాబట్టి అంత బరువుండదు, కానీ పైభాగం బరువెక్కువై ఒరిగిపోవచ్చు. అడుగున మ్యూజియం మైనం నాలుగు చుక్కలు పెడితే జారదు, కావాలనుకున్నప్పుడు ఊడి వస్తుంది. జిగురు పెట్టొద్దు. విగ్రహానికి రంధ్రం చేసి చువ్వ దించడం అసలే వద్దు. పాత చువ్వ ముందే ఉంటే అదే వాడండి.

లైటు ఎలా పెట్టాలి?

పైనుంచి ఏటవాలుగా, ఒక పక్క నుంచి. ఎదురుగా పెడితే ముఖం చప్పబడిపోతుంది, కింది నుంచి పెడితే దెయ్యంలా కనిపిస్తుంది. వెచ్చటి రంగు ఎల్ఈడీ చాలు. రాయికి, లోహానికి వెలుతురు వల్ల నష్టం లేదు. లక్క, రంగు వేసిన చెక్క మాత్రం వెలిసిపోతాయి. మ్యూజియంలు అలాంటివాటిని 50 లక్స్ (వెలుతురు కొలత) దగ్గరే ఉంచుతాయి. ఆ మసక వెలుతురులో బంగారు పూత ఇంకా బాగుంటుంది, ప్రయత్నించి చూడండి.

తళతళలాడేలా తోమొచ్చా?

దయచేసి తోమకండి. పులుపు, మెరుగు పేస్టు, పీచు ఏదైనా సరే, వందేళ్ల చిలుమును పది నిమిషాల్లో తినేస్తాయి. చాలా విగ్రహాలు ఇలాగే పాడవుతాయి, అదీ ప్రేమతోనే. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులపడమే శుభ్రం చేయడం. బంగారు పూత, లక్క, గార ఉన్నచోట తడిగుడ్డ కూడా తగలనివ్వొద్దు. రాతికి నూనె రాస్తే నల్లగా నిగనిగలాడుతుంది నిజమే, కానీ ఆ నూనె లోపలికి ఇంకి దుమ్మును పట్టుకుంటుంది, మళ్లీ బయటికి రాదు. అగరొత్తులు, దీపం వెలిగిస్తే విగ్రహానికి కాస్త దూరంగా.

కంచు మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతోంది. ఇది మామూలు చిలుమేనా?

మామూలు చిలుము గట్టిగా అంటుకుని ఉంటుంది. పొడిలా రాలుతూ, తుడిచినా మళ్లీ వస్తుంటే అది కంచు తెగులు. లోహంలో ఇరుక్కున్న క్లోరైడ్ ఉప్పు గాలిలోని తేమతో కలిసి లోపల్నుంచి తింటుంది. పూర్తిగా బాగుచేయడం కన్జర్వేటర్ (పాత కళావస్తువులను కాపాడే నిపుణులు) పని. ఈలోగా మూతబిగిసే డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. గాలిలో తేమ 40 శాతం లోపుంటే తెగులు దాదాపు ఆగుతుంది.

చెక్క విగ్రహం కింద సన్నటి పొడి కనిపిస్తోంది.

పుచ్చు పురుగు. వెంటనే ప్లాస్టిక్ సంచిలో చుట్టి మిగతా చెక్క సామాను నుంచి వేరు చేయండి. రంగు, లక్క, పొదుగుడు ఏమీ లేని చిన్న చెక్క విగ్రహమైతే, గాలి తీసిన సంచిలో మూసి మైనస్ 20 డిగ్రీల్లో ఒకటి రెండు వారాలు ఉంచితే పురుగులు చస్తాయి. తీశాక, గది వేడికి వచ్చేదాకా సంచి విప్పొద్దు, లేకపోతే నీరు పడుతుంది. లక్క, బంగారం ఉన్నవి నిపుణులకు అప్పగించండి. మందు పిచికారీ చేస్తే రంగు పోతుంది. మిగతా రోజుల్లో తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉంటే చెక్క పగలదు. ఒక్కసారిగా మారడమే దానికి పడదు.

తోటలో పెట్టొచ్చా?

కొత్త గ్రానైట్ విగ్రహమైతే నిక్షేపంగా. పాత ఇసుకరాయి, షిస్ట్, సున్నపురాయి వద్దు. వానకు ఉప్పు పైకి తేలి పొరలు ఊడతాయి, నాచు పట్టుకుంటుంది.

చుట్టూ ఇంకేం పెడితే బాగుంటుంది?

ఖాళీ. విగ్రహం వెడల్పుకు రెండింతల చోటు రెండు పక్కలా వదలండి. వెనక గోడ ఒకే రంగులో, మెరుపు లేకుండా ఉండాలి. బూడిద రాతికి మట్టిరంగు, బంగారు పూతకు ముదురు ఆకుపచ్చ లేదా నలుపుకు దగ్గరి గోధుమరంగు బాగా కుదురుతాయి. ఒక గదికి ఒక్కటి. రెండోది చిన్నదైతే పుస్తకాల మధ్య ఒదుగుతుంది. ఐదు బుద్ధులున్న గది దుకాణంలా ఉంటుంది. ఈ మాట చెబితే నా మిత్రులు కొందరు నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ముక్కు కొంచెం విరిగింది. అతికించాలా?

విరిగిన ముక్క మీ దగ్గరుంటే దాచి, కన్జర్వేటర్‌కు చూపించండి. లేకపోతే అలాగే వదిలేయండి. కొత్త ముక్కు పెట్టించిన విగ్రహం ఎప్పటికీ కొత్త ముక్కుతోనే గుర్తుంటుంది.

పెద్దవాళ్ల నుంచి వచ్చింది, కాగితాలేమీ లేవు. ఏం చేయాలి?

ముందు అన్ని వైపుల నుంచి, అడుగుతో సహా ఫొటోలు తీసి, కొలతలు, బరువు రాసి పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే ఎప్పుడు, ఎక్కడ, ఎవరి దగ్గర తీసుకున్నారో అడిగి, తేదీ వేసి రాయించి సంతకం చేయించండి. పాత ఆల్బమ్‌లు వెతకండి, పెళ్లి ఫొటోలో వెనక అరమీద విగ్రహం కనిపించినా అదొక ఆధారమే. ఆ తర్వాత మీ దేశపు పురావస్తు శాఖకో దగ్గర్లోని మ్యూజియానికో చూపించండి, రిజిస్టర్ చేయాల్సిందైతే వాళ్లే చెబుతారు. ఇవన్నీ అయ్యేదాకా అమ్మడం, ఊరు దాటించడం పెట్టుకోకండి.

ఒకవేళ అది ఏదో గుడి నుంచి పోయిందని తేలితే?

లాయర్‌తో మాట్లాడి, ఆ దేశపు రాయబార కార్యాలయానికి మీరే ముందుగా రాయండి. స్వయంగా తిరిగిచ్చినవాళ్లను సాధారణంగా దొంగల్లా చూడరు. కొన్నిసార్లు మళ్లీ ప్రతిష్ఠించే రోజు పిలుపు కూడా వస్తుంది. ఇంట్లో ఖాళీ అయిన పీఠాన్ని మాత్రం తీసేయకండి. పైన చెప్పిన పాదముద్రల పలకకు అది సరిగ్గా సరిపోతుంది.